ఆంక్షలున్న దేశానికి సరుకు: సీమ ఎగుమతిదారులు అడుగడుగునా చూసుకోవాల్సినవి

2020 జనవరిలో తాడిపత్రి రైల్వే స్టేషన్ నుంచి ఒక ప్రత్యేక రైలు ముంబై దగ్గరున్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు బయల్దేరింది. దాని నిండా శీతల కంటైనర్లు, వాటి నిండా అనంతపురం తోటల్లో కోసిన అరటికాయలు. అవి చేరాల్సింది ఇరాన్‌కి. అప్పటికే ఇరాన్ మీద అమెరికా ఆంక్షలు గట్టిగా ఉన్నాయి. అయినా ఆ రైలు చాటుమాటుగా పోలేదు, అందరి ముందే కదిలింది. ఎందుకంటే అందులో ఉన్నది తిండి. అదే జిల్లా నుంచి అదే ఇరాన్‌కి ఎవరైనా ఒక్క థర్మల్ కెమెరా లైసెన్సు లేకుండా పంపి ఉంటే, సరుకు పోర్టులోనే ఆగిపోయేది. పంపినవాళ్లు కేసుల చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లు.

నేను కడపలో ఎగుమతి కాగితాల పని చేస్తాను. చిన్న మిల్లులవాళ్లు, వర్క్‌షాపులవాళ్లు, ఈ మధ్య ఎలక్ట్రానిక్స్ కుర్రాళ్లు వస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకే ప్రశ్న: "అన్నా, ఆ దేశానికి పంపొచ్చా?" ఆ ప్రశ్నకు అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఏం పంపుతున్నారు, ఎక్కడికి, ఎవరికి, దేనికి? ఈ నాలుగూ విడివిడిగా తేలాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా మిగతా మూడూ బాగున్నాయని సరుకు పంపడానికి లేదు. ఈ నాలుగు ప్రశ్నలనూ, వాటి తర్వాతి పనులనూ పని జరిగే వరుసలోనే కింద రాస్తున్నాను.

ముందు, ఎవరి చట్టం మనకు వర్తిస్తుంది?

ఇక్కడే చాలామందికి గందరగోళం. మూడు పొరలు ఉన్నాయి, వాటిని కలపకూడదు.

మొదటిది మన చట్టం. 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం, 1962 నాటి కస్టమ్స్ చట్టం, 2005లో వచ్చిన సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం. ఈ మూడూ మీ మీద నేరుగా పనిచేస్తాయి. రెండోది ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆంక్షలు. వీటిని మన ప్రభుత్వం ఉత్తర్వులిచ్చి అమలు చేస్తుంది కాబట్టి ఇవీ మనకు చట్టమే. మూడోది అమెరికా, యూరోపియన్ యూనియన్ తమంతట తాము పెట్టుకున్న ఆంక్షలు. ఇలాంటి ఏకపక్ష ఆంక్షలను తాను ఒప్పుకోనని మన ప్రభుత్వం చాలాసార్లు చెప్పింది.

ఆ మూడో పొర దగ్గరే మనవాళ్లు బోర్లా పడతారు. "మన ప్రభుత్వమే ఒప్పుకోలేదు కదా, నాకేం భయం" అంటారు. మన చట్టం ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. కానీ మీ బ్యాంకుకు డాలర్లు వచ్చేది న్యూయార్క్ మీదుగా. మీ కంటైనర్ మోసే షిప్పింగ్ లైన్ యూరప్‌ది. ఇన్సూరెన్సు లండన్‌తో ముడిపడి ఉంటుంది. వాళ్లు ఒప్పుకోకపోతే మీ సరుకు కదలదు, కదిలినా డబ్బు రాదు. 2024 అక్టోబరు 30న అమెరికా ఒకేసారి 400 దాకా సంస్థల మీద, వ్యక్తుల మీద ఆంక్షలు పెట్టింది. రష్యా యుద్ధానికి సరుకు చేరవేస్తున్నారన్నది ఆరోపణ. ఆ జాబితాలో మన దేశంలో నమోదైన కంపెనీలు 19 ఉన్నాయి. అలా పేరెక్కిన కంపెనీకి డాలరు లావాదేవీ చేయడానికి ఏ బ్యాంకూ ముందుకు రాదు.

మొదటి అడుగు: సరుకుకు సరైన పేరు పెట్టడం

ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతులకు తీసుకునే నంబరు), జీఎస్టీ, ఏడీ కోడ్ (డబ్బు వచ్చే బ్యాంకు శాఖ నంబరు) ఇవన్నీ మీకు ఉన్నాయనే అనుకుంటున్నాను. లేకపోతే ముందు అవి చూసుకోండి.

హెచ్ఎస్ కోడ్ తెలుసుకోవడంతో పని అయిపోయిందని అనుకోవద్దు. హెచ్ఎస్ కోడ్ అంటే సరుకు రకాన్ని బట్టి ఇచ్చే అంకె, అది సుంకం కోసం పెట్టింది. నియంత్రిత వస్తువులకు వేరే జాబితా ఉంది, పేరు స్కోమెట్. ప్రత్యేక రసాయనాలు, జీవులు, పదార్థాలు, పరికరాలు, సాంకేతికతలు అనే మాటల ఇంగ్లిషు తొలి అక్షరాలు కలిపి పెట్టిన పేరు అది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ, దీన్ని ప్రచురిస్తుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన ఎగుమతి, దిగుమతి సరుకుల పట్టిక అయిన ఐటీసీ హెచ్ఎస్ వర్గీకరణలో రెండో షెడ్యూలుకు మూడో అనుబంధం అదే. సున్నా నుంచి ఎనిమిది వరకు వర్గాలు. సున్నా అణు పదార్థాలు, ఒకటి విషపూరిత రసాయనాలు, రెండు సూక్ష్మజీవులు, విషాలు. మూడు పదార్థాలు, వాటిని ప్రాసెస్ చేసే యంత్రాలు. నాలుగు అణు రంగానికి సంబంధించిన ఇతర పరికరాలు. ఐదు ఏరోస్పేస్, డ్రోన్లు సహా. ఆరు ఆయుధ సామగ్రి. ఏడు ఖాళీగా ఉంచారు. ఎనిమిది చాలా పెద్దది: ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, టెలికాం, ఎన్‌క్రిప్షన్, సెన్సార్లు, లేజర్లు, నావిగేషన్. మన దేశం 2016లో క్షిపణి సాంకేతిక నియంత్రణ కూటమిలో, 2017 డిసెంబరులో ఆయుధాలు, రెండు విధాలా వాడే సరుకుల కోసం ఉన్న వాసెనార్ ఒప్పందంలో, 2018 జనవరిలో రసాయన, జీవ ఆయుధాలను అడ్డుకునే ఆస్ట్రేలియా గ్రూపులో చేరింది. ఆ కూటముల జాబితాలకు తగ్గట్టు మన జాబితా కూడా పెరిగింది.

"మాది సీమ, మా దగ్గర అణుబాంబు సరుకు ఏముంటుంది" అనుకోకండి. మూడు ఉదాహరణలు చెప్తాను, మూడూ మన ఇళ్ల దగ్గరివే.

తాడిపత్రి, యర్రగుంట్ల, బనగానపల్లె వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు మెత్తగా నలగడానికి, కొలిమిలో కాల్చిన గడ్డలైన క్లింకర్‌లో కొంచెం గ్రైండింగ్ ఎయిడ్ కలుపుతారు. అందులో తరచుగా ఉండేది ట్రైఇథనాలమైన్. సబ్బుల్లో, క్రీముల్లో కూడా వాడతారు. మస్టర్డ్ గ్యాస్ జాతి ఆయుధం తయారీకి కూడా అదే ముడిసరుకు. అందుకే రసాయన ఆయుధాల ఒడంబడిక మూడో షెడ్యూలులో దాని పేరుంది, స్కోమెట్ ఒకటో వర్గంలోనూ ఉంది. ఒడంబడికలో చేరిన దేశాలకు పంపే పద్ధతి వేరు, చేరని దేశాలకు వేరు. ఉత్తర కొరియా, ఈజిప్టు, దక్షిణ సూడాన్ చేరలేదు. ఇజ్రాయెల్ సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు. కాబట్టి గ్రైండింగ్ ఎయిడ్ డ్రమ్ములు బయటి దేశానికి పంపే బేరం వస్తే, లేబుల్ మీద బ్రాండు పేరు చూసి ఊరుకోవద్దు. తయారీదారుని అడిగి సేఫ్టీ డేటా షీట్ తెప్పించుకోండి. మూడో సెక్షన్ దగ్గర లోపలి రసాయనాల శాతాలు, ఒక్కోదానికి సీఏఎస్ నంబరు (ఒక్కో రసాయనానికి ప్రపంచమంతా వాడే గుర్తింపు సంఖ్య) ఉంటాయి. ట్రైఇథనాలమైన్ నంబరు 102-71-6. ఆ నంబరుతో స్కోమెట్ జాబితాలో వెతకండి. పేర్లు పది రకాలుగా రాస్తారు, నంబరు మాత్రం ఒక్కటే.

రెండోది, వర్క్‌షాపుల్లో తయారయ్యే వాల్వులు, పంపులు. మామూలు ఇనుప వాల్వుకు ఏ ఇబ్బందీ లేదు. ఆమ్లం తగిలే లోపలి భాగమంతా ఫ్లోరోపాలిమర్‌తోనో, నికెల్ ఎక్కువున్న మిశ్రలోహంతోనో చేసి, సైజు జాబితాలో చెప్పిన హద్దు దాటితే అది మూడో వర్గంలోకి పోతుంది. బయట నుంచి చూస్తే రెండు వాల్వులూ ఒకేలా ఉంటాయి. తేడా డ్రాయింగులో ఉంటుంది. కాబట్టి వర్గీకరణ గుమస్తా ఒక్కడూ చేసే పని కాదు, డ్రాయింగ్ గీసిన ఇంజనీరు పక్కన కూర్చోవాలి.

మూడోది డ్రోన్లు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో డ్రోన్ సిటీ పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అక్కడికి దగ్గర్లోనే డీఆర్‌డీవో పరీక్షా కేంద్రం ఉంది, 2025 జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడ పరీక్షించారు. పొలంలో మందు కొట్టే డ్రోన్ తయారుచేసే పిల్లలు, ఆయుధం మోసే డ్రోన్ తయారుచేసేవాళ్లు ఇద్దరూ ఒకే రకం మోటార్లు, ఒకే రకం ఫ్లైట్ కంట్రోలర్లు కొంటారు. చట్టానికి కష్టం అక్కడే. 2023 జూన్‌లో డీజీఎఫ్‌టీ కొంత వెసులుబాటు ఇచ్చింది: 25 కిలోమీటర్ల దూరం దాటని, 25 కిలోలకు మించి బరువు మోయని పౌర వినియోగ డ్రోన్లకు ఒకసారి సాధారణ అనుమతి తీసుకుంటే మూడేళ్లు చెల్లుతుంది. ప్రతి ఆర్డరుకూ మళ్లీ మళ్లీ లైసెన్సు అడగక్కర్లేదు. కానీ ఆ అనుమతిలో సాఫ్ట్‌వేర్, సాంకేతికత కలిసి రావు. ఆంక్షలున్న దేశానికి కూడా అదే అనుమతి మీద పంపొచ్చని అనుకుంటే మాత్రం పెద్ద పొరపాటు.

జాబితా చూశాక ఫలితం కాగితం మీద పెట్టండి. "ఈ తేదీన, ఈ జాబితా చూశాం, ఈ కారణాల వల్ల మా సరుకు ఇందులో లేదు" అని అరపేజీ రాసి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టుకోండి. తేలకపోతే డీజీఎఫ్‌టీనే లిఖితపూర్వకంగా అడగండి.

రెండో అడుగు: దేశం

"నిషేధించిన దేశాలు" అని ఒకే జాబితా ఎక్కడో గోడకు తగిలించి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిది లేదు. ఒక్కో దేశానికి ఒక్కో లెక్క.

ఉత్తర కొరియా సంగతి తేలిక. 2017 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం ఆహారం, మందులు తప్ప ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. నేరుగా కాకుండా మధ్యవర్తి ద్వారా పంపినా అంతే. ఇరాన్ సంగతి అలా కాదు. ఆహారం, మందులు పోతాయి, చాలా మామూలు సరుకులు మన చట్టం ప్రకారం పోతాయి, అణు, క్షిపణి సంబంధమైనవి పోవు. 2015 అణు ఒప్పందంతో పక్కకుపోయిన ఐక్యరాజ్య సమితి ఆంక్షలను 2025 సెప్టెంబరు చివర్లో మళ్లీ తెచ్చారు. కాబట్టి ఇరాన్ ఆర్డరు వస్తే పాత ఫైలు చూసి చేయొద్దు, ఆ వారం డీజీఎఫ్‌టీ నోటిఫికేషన్లు చూసి చేయండి. లిబియా, దక్షిణ సూడాన్, యెమెన్‌లో హౌతీలు వీళ్ల మీద ఉన్నది ముఖ్యంగా ఆయుధాల నిషేధం. రష్యా మీద ఐక్యరాజ్య సమితి ఆంక్షలు లేవు, ఉన్నవన్నీ అమెరికా, యూరప్, బ్రిటన్, జపాన్‌లాంటివాళ్లు పెట్టినవి. సిరియా మీద దశాబ్దాలుగా ఉన్న అమెరికా ఆంక్షల కార్యక్రమాన్ని 2025 జూన్ చివర్లో రద్దు చేశారు, అయినా కొందరు వ్యక్తుల పేర్లు జాబితాలో మిగిలాయి.

రష్యాకు సంబంధించి ఒక సంగతి మన మెకానిక్ షెడ్లవాళ్లకు తెలియాలి. అమెరికా, యూరప్, బ్రిటన్, జపాన్ కలిసి 50 హెచ్ఎస్ కోడ్లతో ఒక ముఖ్య జాబితా తయారుచేశాయి. యుద్ధభూమిలో దొరికిన రష్యా ఆయుధాలను విప్పి, వాటిలో ఏ భాగాలున్నాయో చూసి రాసిన జాబితా అది. అందులో చిప్పులు ఉన్నాయి, సీఎన్‌సీ మెషినింగ్ సెంటర్లు ఉన్నాయి, మామూలు బాల్ బేరింగులు కూడా ఉన్నాయి. ట్రాక్టరుకు వేసే బేరింగు ఆ కోడులోనే వస్తుంది. మన చట్టం ఆపకపోయినా, ఆ కోడు కనబడగానే బ్యాంకు పది ప్రశ్నలు వేస్తుంది. జవాబులు ముందే సిద్ధంగా ఉంచుకోండి.

మూడో అడుగు: ఎదుటి మనిషి ఎవరు

కొనేవాడి పేరు, సరుకు అందుకునేవాడి పేరు, డబ్బు పంపేవాడి పేరు, ఓడ పేరు, అన్నీ వెతకాలి. భద్రతా మండలి ఏకీకృత జాబితా, అమెరికా ఖజానా శాఖ ఆంక్షల జాబితా, అమెరికా వాణిజ్య శాఖ ఎంటిటీ లిస్ట్, యూరోపియన్ యూనియన్ జాబితా. అన్నీ ఆన్‌లైన్‌లో ఉచితమే. పేరు కొట్టగానే రాకపోతే లేదని తేల్చేయకండి. అరబ్బీ, పర్షియన్, రష్యన్ పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో రకరకాలుగా రాస్తారు. స్పెల్లింగ్ మార్చి నాలుగైదుసార్లు వెతకండి, చిరునామాతో కూడా వెతకండి. జాబితాలో ఉన్నవాళ్లకు 50 శాతం, ఆపైన వాటా ఉన్న కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా, అమెరికా లెక్కలో అది కూడా ఉన్నట్టే. అందుకని కంపెనీ యజమానుల వివరాలు అడిగి తీసుకోవడం తప్పదు. వెతికిన స్క్రీన్‌ను తేదీతో ప్రింటు తీసి పెట్టుకోండి.

నాలుగో అడుగు: దేనికి, చివరికి ఎవరి చేతికి

నాకు బాగా నొప్పి కలిగిన పాఠం ఇది. కొంచెం వివరంగా చెప్తాను.

మంగంపేట ముగ్గురాయి గురించి కడప చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో అది ఒకటి. చేతిలోకి తీసుకుంటే చిన్న ముక్క కూడా బరువుగా ఉంటుంది, సాంద్రత నీటికి నాలుగింతలు పైనే. ఆ బరువు కోసమే దాన్ని కొంటారు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు పైకి తన్నకుండా బరువైన మడ్డి పంపుతారు, ఆ మడ్డిలో ముగ్గురాయి పొడి కలుపుతారు. గల్ఫ్‌లో బావులున్న చోటల్లా దీనికి గిరాకీ. స్కోమెట్ జాబితాలో ఇది లేదు, ఎవరైనా పంపుకోవచ్చు. కానీ ఇరాన్ చమురు రంగం మీద అమెరికా ఆంక్షలున్నాయి. 2024 అక్టోబరులో ఆ దేశపు పెట్రోలియం, పెట్రోకెమికల్ రంగాలకు చేసే ముఖ్యమైన సహాయాన్ని కూడా ఆంక్షల పరిధిలోకి తెచ్చారు. అంటే రాయికి అడ్డు లేదు, కానీ అది చేరే బావి ఎక్కడుందన్నదే ప్రశ్న.

నేను ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక పల్వరైజింగ్ మిల్లు యజమాని ఆర్డరు పట్టుకొచ్చాడు. గల్ఫ్‌లో ఒక ట్రేడింగ్ సంస్థ, ఐదు కంటైనర్లు, జంబో బ్యాగులు. ధర మార్కెట్ కంటే కొంచెం ఎక్కువే. అడ్వాన్సు కూడా వచ్చేసింది. పర్చేజ్ ఆర్డరు చివరి పేజీలో ప్యాకింగ్ దగ్గర ఒక లైను ఉంది: బ్యాగులు తెల్లగా ఉండాలి, దాని మీద ఏ ముద్రా వద్దు, దేశం పేరు వద్దు, కంపెనీ పేరు వద్దు. ఆ లైను నేను చదివాను. చదివి, ప్యాకింగ్ లిస్టులో అలాగే టైపు చేశాను. ఎందుకు వద్దంటున్నారని అడగలేదు. "రాయి పొడే కదన్నా, ఏం గాదులే" అన్నాడు మిల్లాయన. నేనూ అదే అనుకున్నాను.

సరుకు దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టు చేరింది. మిగతా డబ్బు వచ్చింది కానీ ఆర్డరిచ్చిన సంస్థ నుంచి కాదు, వేరే దేశంలో ఉన్న మూడో కంపెనీ ఖాతా నుంచి. బ్యాంకు దాన్ని జమ చేయలేదు, వివరాలు అడిగింది. అవి కొనేవాళ్లను అడిగితే, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్‌లో సరుకు అందుకునేవాళ్ల పేరు మార్చమన్నారు. మార్చమన్న పేరు వెతికితే ఇరాన్ బావుల కాంట్రాక్టరుతో సంబంధం బయటపడింది. అప్పుడు ఆపాం. ఆరు వారాలు కంటైనర్లు అక్కడే. రోజురోజుకూ డెమరేజ్, అంటే ఆలస్యానికి కట్టే అద్దె. చివరికి వేరే దేశంలో వేరే కొనుగోలుదారుకు తక్కువ ధరకు ఇచ్చేశారు. మిల్లు యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా బాధగా ఉంటుంది నాకు.

అందుకే ఇప్పుడు ఆర్డరు చేతికి రాగానే నేను వెతికేవి ఇవి. మార్కింగ్ వద్దంటున్నారా? కొనేవాళ్లకు ఆ సరుకుతో పనే లేనట్టుందా, అంటే బట్టల వ్యాపారి వాల్వులు కొంటున్నాడా? కంపెనీ పుట్టి ఆరు నెలలే అయిందా, అదీ ఫలానా దేశం మీద కొత్త ఆంక్షలు వచ్చిన తర్వాతేనా? అమర్చి ఇస్తాం, ట్రైనింగ్ ఇస్తాం అంటే వద్దంటున్నారా? చిరునామాకు వెళ్లి చూస్తే ఫ్రీ జోన్‌లో ఒక బల్ల, ఒక పోస్టు పెట్టె మాత్రమేనా? తుది వినియోగదారు ఎవరని అడిగితే మాట దాటేస్తున్నారా? చిన్న దేశం తన అవసరానికి మించి అడుగుతోందా? ఒక్కటి కనబడితే అడగండి. రెండు కనబడితే జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా లారీ ఎక్కించవద్దు.

దీనికి చట్టం బలం కూడా ఉంది. జాబితాలో లేని సరుకైనా, సామూహిక విధ్వంసక ఆయుధాలకు లేదా వాటిని మోసే క్షిపణులకు పోతుందని మీకు తెలిస్తే, అనుమానించడానికి కారణం ఉంటే, లేదా ప్రభుత్వం మీకు చెప్పి ఉంటే, దానికి కూడా లైసెన్సు కావాలి. అన్నిటినీ పట్టే వల లాంటి నిబంధన ఇది. "నాకు తెలియదు" అన్న మాట ఇక్కడ కాపాడదు, తెలుసుకోవడానికి కారణాలు ఉన్నాయా అని చూస్తారు. తెల్ల బ్యాగుల లైను చదివి నోరు మూసుకున్న మనిషి తెలియదని ఎలా అంటాడు?

ఐదో అడుగు: మీ సరుకులో ఎవరి భాగాలున్నాయి

అనంతపురంలో ఒక కుర్రాడు చేసిన కంట్రోల్ బోర్డులో అమెరికా చిప్పులు ఉంటే, ఆ బోర్డు వెంట అమెరికా ఎగుమతి నిబంధనలు కూడా వస్తాయి. మామూలు దేశాలకు పంపేటప్పుడు అమెరికా నియంత్రిత భాగాల విలువ 25 శాతం దాటితే వాళ్ల లైసెన్సు ప్రశ్న వస్తుంది. ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా, సిరియా లాంటి చోట్ల హద్దు 10 శాతమే. భాగాలు కొన్న బిల్లులు, వాటి నియంత్రణ నంబర్లు సరఫరాదారు దగ్గర ఇప్పించుకుని పెట్టుకోండి.

ఆరో అడుగు: లైసెన్సు అడగడం

సరుకు స్కోమెట్‌లో ఉందని తేలితే దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో. ఢిల్లీ పోనక్కర్లేదు. అణు పదార్థాల వర్గాన్ని అణుశక్తి శాఖ, ఆయుధ సామగ్రి వర్గాన్ని రక్షణ ఉత్పత్తి శాఖ చూస్తాయి. మిగతావి డీజీఎఫ్‌టీ దగ్గరకు, అక్కడి నుంచి పలు మంత్రిత్వ శాఖల ప్రతినిధులు కూర్చునే కార్యవర్గం ముందుకు వెళ్తాయి. విదేశాంగ శాఖ, రక్షణ శాఖ అందరూ చూస్తారు కాబట్టి టైం పడుతుంది. కొనేవాళ్లకు డెలివరీ తేదీ మాటిచ్చేముందు ఇది లెక్కేసుకోండి. లైసెన్సు వస్తేనే సరుకు అన్న షరతు కాంట్రాక్టులోనే రాయించుకోండి. ఆ ఒక్క షరతు చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

దరఖాస్తుతో పాటు పర్చేజ్ ఆర్డరు, సాంకేతిక వివరాలు, కంపెనీ వివరాలు, అన్నిటికన్నా ముఖ్యంగా తుది వినియోగ ధ్రువపత్రం. ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఈ పత్రం దగ్గరే. కొనేవాళ్లు, మధ్యవర్తి, చివరికి వాడేవాళ్లు వేరువేరైతే గొలుసులో ఉన్న ప్రతివాళ్లూ ఇవ్వాలి. నిరుడు నా చేతికి వచ్చిన ఒక పత్రం గురించి చెప్తాను. లెటర్‌హెడ్ బాగుంది, ముద్ర ఉంది, సంతకం ఉంది. కానీ లెటర్‌హెడ్ మీద చిరునామా ఒక దేశానిది, ఫోన్ కోడ్ ఇంకో దేశానిది. ముద్రలో కంపెనీ పేరులో ఒక అక్షరం తక్కువ. ఆర్డరులో పది సెట్లుంటే పత్రంలో పన్నెండు. దేనికి వాడతారన్న గడిలో "పారిశ్రామిక అవసరం" అని రెండు మాటలు. ఆ పత్రాన్ని దరఖాస్తులో పెట్టలేదు, తిప్పి పంపి మళ్లీ అడిగాం. ఏ ఫ్యాక్టరీలో, ఏ లైన్లో, ఏ యంత్రానికి అని రాసిన పత్రం వచ్చాకే ముందుకు వెళ్లాం. మీ దగ్గరకొచ్చే పత్రాన్ని అధికారి కంటే ముందు మీరే అధికారిలా చదవండి.

మెయిల్లో పోయేది కూడా ఎగుమతే

కంటైనర్ ఎక్కితేనే ఎగుమతి అనుకుంటారు. నియంత్రిత వస్తువు డ్రాయింగును మెయిల్ చేసినా, సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ లింకుగా ఇచ్చినా అది ఎగుమతి కిందికే వస్తుంది. "కొటేషన్ కోసం ఒకసారి డిజైన్ పంపండి" అని అడిగితే, కొలతలు తీసేసిన బొమ్మ పంపండి, అసలు ఫైలు వద్దు.

షిప్పింగ్ బిల్లు, బ్యాంకు

లైసెన్సు నంబరు కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లులో రాయాలి. సరుకు వర్ణన లైసెన్సులో, ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. కృష్ణపట్నం అయినా, చెన్నై అయినా కస్టమ్స్ పని చూసే ఏజెంటుకు, అంటే మీ సీహెచ్‌ఏకి అన్నీ ముందే చెప్పండి. "మామూలు స్పేర్ పార్టులని వేసేద్దాం సార్, తొందరగా క్లియర్ అవుతుంది" అని ఎవరైనా అంటే ఆ మనిషితో పని చేయవద్దు. నిషేధానికి విరుద్ధంగా పంపబోయిన సరుకును కస్టమ్స్ చట్టం 113వ సెక్షన్ కింద జప్తు చేయొచ్చు, 114వ సెక్షన్ కింద విలువకు మూడింతల వరకు జరిమానా వేయొచ్చు. విదేశీ వాణిజ్య చట్టం కింద విలువకు ఐదింతల వరకు, ఆపైన ఐఈసీ కోడ్ సస్పెన్షన్. 2005 చట్టం కింద అనుమతి లేని ఎగుమతికి 3 లక్షల నుంచి 20 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే జైలు. ఆయుధాల కోసమని తెలిసి చేసినవాటికి ఐదేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది.

డబ్బు ఆర్డరిచ్చినవాళ్ల ఖాతా నుంచే రావాలని మొదట్లోనే చెప్పండి. మూడో మనిషి ఖాతా నుంచి వస్తుందంటే, సరుకు పంపకముందే బ్యాంకు వాళ్లకు ఆ కాగితాలు చూపించండి.

తప్పు జరిగిందని తెలిస్తే

దాచకండి, ఫైళ్లు దిద్దకండి. ముందు మిగతా సరుకు ఆపండి. ఓడలో ఉంటే వెనక్కి తిప్పగలరేమో షిప్పింగ్ లైన్‌ను అడగండి. తర్వాత న్యాయవాదిని వెంటపెట్టుకుని డీజీఎఫ్‌టీకి మీరే చెప్పండి. వాళ్లు పట్టుకున్నాక చెప్పడానికీ, ముందే వెళ్లి చెప్పడానికీ ఎంత తేడా ఉంటుందో మీకే తెలుసు.

ఫైలు

స్కోమెట్ సరుకు రికార్డులు కనీసం ఐదేళ్లు దాచాలి. ఒక్కో ఆర్డరుకు ఒక్కో ఫైలు పెట్టండి: వర్గీకరణ నోటు, జాబితాల్లో వెతికిన ప్రింట్లు, తుది వినియోగ పత్రం, మెయిళ్లు, వాట్సాప్‌లో జరిగిన బేరం కూడా ప్రింటు తీసి. లైసెన్సు తీసుకుని పంపినవైతే, సరుకు చేరిందనడానికి అవతలి దేశపు కస్టమ్స్ కాగితం తెప్పించుకుని అందులో చేర్చండి. నా దగ్గరున్న ప్రతి ఫైలు మొదటి పేజీ మీద పర్చేజ్ ఆర్డరులోని ప్యాకింగ్ షరతులు చేత్తో రాసి ఉంటాయి. అవి రాయకుండా ఆ ఫైలు నా బల్ల దాటదు.